వినేవాళ్ళకు చోటు లేదు

ఆ ఊళ్ళో ఆమె ముఖం తెలియనివాళ్ళు బోలెడుమంది ఉండేవారు గాని, గొంతు తెలియనివాళ్ళు మాత్రం ఉండేవారు కాదు. బస్టాండులో రెండో ప్లాట్‌ఫారానికి ఎదురుగా, గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని, వచ్చే బస్సులూ పోయే బస్సులూ మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో చేరింది. కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళింది. ఆమె మాత్రం ఆ కుర్చీలోనే ఉంది. అందరూ మైకు అక్క అనేవారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళకు కూడా ఆమె అక్కే.

చెప్పడంలో ఆమెకో పద్ధతి ఉండేది. కాగితంలో ఉన్నది చదివి ఊరుకునేది కాదు. "రేవు మీదుగా గనుల దాకా వెళ్ళే బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. డ్రైవరుగారు టీ తాగడం అయిపోయిందని నమ్ముతున్నాం" అనేది. టీ కొట్టు దగ్గర డ్రైవరు గ్లాసు కింద పెట్టి పరుగెత్తేవాడు. "నీలం సంచీ మీద తల పెట్టుకుని పడుకున్న పెద్దాయనా, మీ బస్సొచ్చింది, లేవండి" అని ముక్కూ మొహం తెలియని మనుషుల్ని కూడా సొంతవాళ్ళను లేపినట్టు లేపేది. పై అధికారి ఒకసారి మందలించబోయాడు.

"అమ్మా, మైకులో ఈ కవిత్వాలెందుకు?"

"సరే సార్. బస్సుల్ని టైముకి రమ్మనండి, నాకిక కవిత్వంతో పనుండదు."

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంట్లోనూ మాటలన్నీ ఆమెవే. భర్త తాళాలు బాగుచేసేవాడు. సందు చివర, మనిషి నిలబడితే నిండిపోయే కొట్టు. గోడ పొడుగునా వేలాడే తాళంచెవులు. పనిమంతుడు, మాటల్లో మహా పిసినారి. ఎవరైనా తాళంచెవి పోయిందని లబలబలాడుతూ వస్తే సంచీ భుజాన వేసుకుని వెంట నడిచేవాడే తప్ప, ఎక్కడ పోయింది, ఎలా పోయింది అని ఒక్క ముక్క అడిగేవాడు కాదు. "మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన మాటలు పంచుకున్నాం. పంపకంలో మొత్తం నాకే వచ్చాయి" అని ఆమె నవ్వేది. ఆయన కూడా నవ్వేవాడు, అదీ చప్పుడు లేకుండా.

ఆ ఉదయం కూడా మామూలుగానే కుర్చీ ముందుకు లాక్కుని మైకు మీట నొక్కింది. "రేవు మీదుగా" అన్నంతవరకు బాగానే వచ్చింది. తరువాతి మాట నాలుక మీదికి రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఏదో వచ్చింది గాని, అది ఏ భాషా కాదు. గాజు కిటికీ అవతల డ్రైవర్లు నవ్వుతున్నారు. అక్క ఎవరినో వెక్కిరిస్తోందనుకున్నారు. ఆమె చేతిలోని పెన్ను జారి పడింది. వంగి తీసుకుందామనుకుంటే కుడిచెయ్యి ఎవరిదో పరాయివాళ్ళది అయినట్టు ఒళ్ళో పడి ఉంది. అందరికన్నా ముందు టీ కొట్టాయనకు అనుమానం వచ్చింది. నవ్వుతున్నవాళ్ళను తోసుకుంటూ వచ్చి తలుపు తీశాడు. మైకు ఇంకా ఆగలేదు. అతని అరుపు బస్టాండంతా మోగింది: "ఎవరైనా బండి తీయండిరా, అక్కకి ఏదో అయింది!"

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణగండం గడిచింది. కాలు తొందరగానే కుదుటపడింది, చెయ్యి మెల్లమెల్లగా దారికొచ్చింది. మాట మాత్రం పడిపోయింది.

ఆమెకు అన్నీ తెలుస్తూనే ఉండేవి. ఎవరేమన్నా అర్థమయ్యేది, జవాబు కూడా లోపల తయారుగా ఉండేది, అందులో చమత్కారంతో సహా. మాటలన్నీ ముస్తాబై గుమ్మం దాకా వచ్చి నిలబడేవి. గుమ్మం దాటేసరికి మాత్రం అన్నీ కలిసి ఒకే మాట అయిపోయేవి. ఆ మాట "కాదు."

"టీ ఇమ్మంటావా?" అని భర్త అడిగితే, చేతులు చాపి గ్లాసు అందుకోబోతూ "కాదు" అనేది.

"వద్దా?"

"కాదు కాదు!"

ఆయన గ్లాసు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగిసలాడేవాడు. కొన్నాళ్ళకు ఏ కాదు అవునో, ఏ కాదు నిజంగా కాదో మొహం చూసి పట్టుకోవడం నేర్చుకున్నాడు. అంతకన్నా వింత ఏమిటంటే, ఇంట్లో ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేక ఆయనే మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆయనకు తెలిసినవి తాళాల కబుర్లే. "ఇవాళ ఒకావిడ బీరువా తీశాను. తాళంచెవి లోపలే ఉంది. లోపల పెట్టి బయటినుంచి ఎలా వేసిందో!" అనేవాడు. ఈ మనిషికి ఇన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఆమె లోలోపల విస్తుపోయేది. ఆ మాటే అడగబోయేది. "కాదు" అనేది.

ఆడపడుచు చూడ్డానికి వచ్చింది. మాట పోతే చెవులు కూడా పోతాయనుకుందో ఏమో, మంచం పక్కన నిలబడి సందంతా వినపడేలా అరిచింది. "వదినా! నేనూ! నీ ఆడపడుచునీ!"

పోయింది నోరే తల్లీ, చెవులు కాదు, అనుకుంది ఆమె. పైకి వచ్చింది "కాదు" ఒక్కటే.

"చూశావా అన్నయ్యా, నన్ను ఆడపడుచే కాదంటోంది!" అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వితే ఆవిడ ఇంకా బెంబేలు పడుతుందని దుప్పటి ముసుగు పెట్టుకుంది.

కాలు సాగాక ఒక సాయంత్రం భర్త ఆమెను బస్టాండు వైపు నడిపించుకుని వెళ్ళాడు. పాత మనుషుల్ని చూస్తే ఉత్సాహం వస్తుందనుకున్నాడు పాపం. గాజు గదిలో ఎవరూ లేరు. కుర్చీ కూడా లేదు. పైన గొట్టంలోంచి ఎవరిదో రికార్డు చేసిన గొంతు, చాలా మర్యాదగా, చాలా శుభ్రంగా బస్సుల నంబర్లు చెబుతోంది. బయల్దేరిన బస్సుకీ, రద్దయిన బస్సుకీ ఆ గొంతులో తేడా లేదు. ఎవరూ తలెత్తి వినడం లేదు. ఆమె భర్త చెయ్యి వదిలించుకుని వెనక్కి తిరిగింది. ఆ తరువాత ఇల్లు కదలలేదు. వచ్చినవాళ్ళను చూడగానే కళ్ళు మూసుకునేది. మాట లేకపోవడం ఒకెత్తు, ఉన్న ఒక్క మాటా అబద్ధం కావడం ఇంకొకెత్తు.

అలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం బేకరీ నుంచి కబురొచ్చింది, మేడ మీది గది తాళం బిగుసుకుపోయింది, మనుషులు మెట్ల మీద నిలబడిపోయారు, వెంటనే రమ్మని. ఆమెను ఒంటరిగా వదిలి వెళ్ళడం ఆయనకు ఇష్టం లేదు. "పద, అలా గాలికి వచ్చినట్టుంటుంది" అన్నాడు. ఆమె "కాదు" అంది. ఆ కాదు నిజంగా కాదే. అయినా ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టేసరికి కాదనలేకపోయింది.

బేకరీ మేడ మీద ఒకప్పుడు పిండి బస్తాలు పెట్టుకునే పొడుగాటి గది ఉంది. ఆదివారం పొయ్యిలు ఆర్పేశాక, చుట్టుపక్కల వీధులవాళ్ళు అందులో చేరి పాటలు పాడుకుంటారు. వాళ్ళను చేరదీసింది బేకరీ యజమాని భార్య. మోచేతుల దాకా పిండి అంటిన మనిషి, పాటకు ముందూ పాటకు తరువాతా ఏదో ఒకటి నవ్విస్తూ ఉండే మనిషి. అందరికీ ఆవిడ బేకరీ వదిన. సంగీతం నేర్చుకున్నది లేదు. గుంపును మాత్రం గుప్పిట్లో పెట్టుకోగలదు.

తాళం తీయడం ఆయనకు చిటికెలో పని. కాని అది అరిగిపోయింది, కొత్తది బిగించాలి. ఆయన గుమ్మంలో కూర్చుని మరలు ఊడదీస్తుండగా మనుషులంతా ఆయన్ను దాటుకుంటూ లోపలికి వెళ్ళారు. ఆమె మెట్ల మీదే ఒదిగి కూర్చుంది.

"లోపలికి రండక్కా, మెట్లు చల్లగా ఉంటాయి" అంది బేకరీ వదిన.

"మా ఆవిడకి మాట పడిపోయిందమ్మా" అన్నాడాయన నోట్లో మర పట్టుకునే. "ఓ పక్కన కూర్చుని వింటుందిలే."

"అదే కుదరదు అన్నయ్యగారూ. ఇక్కడ వినేవాళ్ళకు చోటు లేదు. పెదాలు కదిపినా చాలు, ముక్కుతో కూనిరాగం తీసినా చాలు. ఊరికే కూర్చుని చూసేవాళ్ళుంటే మాకు సిగ్గేస్తుంది. మేం పాడేదేమైనా వినేలా ఉంటుందా ఏంటి!"

ఆ మాట అబద్ధం కాదు. సైకిలు కొట్టాయన శ్రుతి ఒక వీధి, కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ళ శ్రుతి ఇంకో వీధి. వాళ్ళందరి మీదా తెరచాపలా పరుచుకునే గొంతు ఒకటుంది. అది కోర్టు గుమ్మంలో నిలబడి వాది ప్రతివాదుల పేర్లు పిలిచే ఉద్యోగం చేసి రిటైరయిన ఆయనది. ఆయన నడకా, మాటా, దగ్గూ కూడా బరువుగానే ఉంటాయి కాబట్టి అందరూ గంభీరంగారు అంటారు.

ఆమెను బెంచీ చివర కూర్చోబెట్టారు. కింద నుంచి కాల్చిన రొట్టె వాసన ఇంకా పైకి వస్తోంది. ఒకటి రెండు పాటలయ్యాయి. ఆమె నేల చూపులు చూస్తూ కూర్చుంది. తరువాత బేకరీ వదిన అందుకున్న పాట ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ఆమె తల్లి కుట్టుమిషను తొక్కుతూ పాడేది.

"ఏటి నీళ్ళ మీద ఎండ పడవ వచ్చె,
ఎక్కు ఎక్కు చెల్లెలా, ఎంత దూరమైనా..."

రెండోసారి అందరూ ఎత్తుకున్నప్పుడు ఆమె పెదాలు కదిలాయి. మూడోసారి గొంతు వచ్చింది. గొంతుతో పాటు మాటలు కూడా వచ్చాయి. ఏరు, నీళ్ళు, ఎండ, పడవ. ఒక్కటీ నలగలేదు, ఒక్కటీ కాదు అయిపోలేదు. "ఎక్కు ఎక్కు చెల్లెలా" అని తన నోటితో తనే అంటుంటే, ఎవరో పక్కనుంచి అంటున్నారేమోనని తల తిప్పి చూసింది కూడా. గుమ్మంలో టింగుమని చప్పుడైంది. ఆయన నోట్లో మర జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. ఆయన దాన్ని చూడనే లేదు.

పాట ఆగింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె నిలబడింది. ఏదో చెప్పాలి, ఇప్పుడు చెప్పగలదు, దారి తెరుచుకుంది! ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

"కాదు" అంది.

మళ్ళీ ప్రయత్నించింది. "కాదు. కాదు." కళ్ళవెంట నీళ్ళు జలజలా రాలాయి.

బేకరీ వదిన ఓదార్చలేదు, చప్పట్లు కొట్టించలేదు. పక్కన కూర్చుని, పిండి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని, "అయితే ఇంకోసారి పాడదాం" అంది. ఆ మధ్యాహ్నం వాళ్ళు ఆ ఒక్క పాటనే పాడారు, పాడారు, గంభీరంగారు గడియారం చూసుకునేదాకా పాడారు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా భర్త మళ్ళీ మునుపటిలా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. మాట పడిపోయినవాళ్ళకు మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది అక్కడ, చిన్న వయసు. జరిగింది ఆయన చెబుతుంటే ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది.

"మాట్లాడేటప్పుడు నడిచే దారి ఒకటి, పాడేటప్పుడు నడిచేది ఇంకొకటి. మీకు మొదటిది తెగిపోయింది, రెండోది బాగానే ఉందన్నమాట. కొంతమందికి పాట మీదుగా మాట తిరిగొస్తుంది. అందరికీ వస్తుందని చెప్పలేను. వచ్చినా తొందరగా రాదు. చాలా విసుగు పుడుతుంది. సరేనా?"

"కాదు" అంది ఆమె గట్టిగా తల ఊపుతూ.

"సరే అంటోంది" అన్నాడు భర్త.

విసుగు పుట్టడమంటే ఎలా ఉంటుందో తరువాత తెలిసింది. "నీళ్ళు కావాలి" అన్న మాటకు రెండు స్వరాలు కట్టి, ఎడమచేత్తో బల్ల మీద దరువు వేస్తూ, ఒకటే పనిగా అనాలి. ఎదురుగా ఎవరైనా కూర్చుని అదే దరువు వేస్తూ గొంతు కలపాలి. బేకరీ వదిన మొదటిసారి ఆయన్ను కూర్చోబెట్టి, "అన్నయ్యగారూ, మీకు తాళం తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా. ఏ కంపెనీది?" అన్నాడాయన.

గదంతా పగలబడి నవ్వింది. ఆయన బిక్కమొహం వేశాడు గాని, దరువు విషయంలో మాత్రం ఎవరికీ తీసిపోలేదు. రోజంతా సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టే చెయ్యి అది, తప్పేది కాదు. ఇల్లంతా దరువే. టీ కాగుతుంటే గ్లాసు మీద, బట్టలు ఆరేస్తుంటే తీగ మీద. పొరుగువాళ్ళకు మొదట్లో మతి పోయింది, తరువాత అలవాటైంది, ఆ తరువాత వాళ్ళూ అందుకోవడం మొదలుపెట్టారు. ఆమె కిటికీ దగ్గర "నీళ్ళు కావాలి" అని సాగదీస్తే ఎదురింటివాళ్ళు "ఎన్ని కావాలి" అని అదే బాణీలో పలికేవారు.

అయినా చాలాకాలం పాత పాటల్లో మాటలే వచ్చేవి, కొత్తవి వచ్చేవి కావు. పైగా గుంపులో పాడేటప్పుడు ఆమె కాస్త వెనకబడేది. అందరూ పడవ దిగిపోయాక ఆమె ఒక్కతే ఎక్కు ఎక్కు అంటూ ఉండేది. పేటల పాటల గుంపులన్నీ ఏడాదికోసారి ఒకచోట చేరి పాడతాయి. ఆ రోజు దగ్గర పడుతున్న కొద్దీ గంభీరంగారికి ఓపిక నశించింది. ఒక ఆదివారం అందరూ ఉండగానే అనేశాడు.

"అమ్మా వదినా, నేను ఉన్నమాట చెబుతాను. ఆవిడ మీద నాకు జాలి ఉంది. ఊళ్ళో నా గొంతు తరువాత చెప్పుకోదగ్గ గొంతు ఆవిడదే ఒకప్పుడు. కాని ఈ రోజు ఆవిడ పక్కన నిలబడితే నా లయ పోతోంది. సభ అయ్యేదాకా ఆవిడ్ని ఇంటిదగ్గర ఉండమనండి. తరువాత రావచ్చు."

బేకరీ వదిన నోరు తెరవబోయింది. అంతలో బెంచీ మీద టక టకమని దరువు వినపడింది. ఆమెది. మొహం కందగడ్డలా ఉంది. గంభీరంగారి కళ్ళలోకి సూటిగా చూస్తూ, అదే పడవ పాట బాణీలో, ఊపిరి కూడగట్టుకుని ఎత్తుకుంది.

"ఎక్కడికీ పోను, ఎక్కడికీ పోను...
జరుగు జరుగు అన్నయ్యా, చోటు చాలదింక!"

అది ఏ పాటలోదీ కాదు. ఆ మాటలు ఎవరూ నేర్పలేదు. మాట పడిపోయాక ఆమె సొంతంగా కూర్చి అన్న మొదటి మాట అది, అదీ తగువు మాట. ముందు కుట్టుపని అక్కచెల్లెళ్ళు కిసుక్కుమన్నారు. తరువాత గది మొత్తం "జరుగు జరుగు అన్నయ్యా" అని అందుకుంది. ఆమె భర్త కిటికీ చెక్క మీద దరువు వేస్తున్నాడు, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేశాడు. గంభీరంగారు కాసేపు బిగుసుకుని నిలబడ్డాడు. చివరికి ఒక పక్కకు జరిగాడు. ఇంకా సరిపోలేదన్నట్టు ఆమె చేత్తో సైగ చేస్తే ఇంకాస్త జరిగాడు. "కోర్టులో జడ్జీలు కూడా నన్ను ఇలా జరపలేదు" అని గొణిగాడు గాని, ఆ గొణుగుడులో నవ్వుంది.

అక్కణ్ణుంచి వెనక్కి చూడలేదు. తగువులాడడానికి మాట కావలసి వచ్చిన ప్రతిసారీ ఒక మాట వచ్చింది. "ఉప్పు ఎక్కువైంది" వచ్చింది. "తలుపు వెయ్యండి" వచ్చింది. ఆడపడుచు మళ్ళీ వచ్చి అరవబోతే, "అరవకమ్మా, వినపడుతోంది" అన్నది తీయని రాగంలో వచ్చింది. ఆవిడ ఈసారి కొంగు నోట్లో కుక్కుకోలేదు, వదిన మెడ కౌగిలించుకుంది. నెమ్మదిగా బాణీ పల్చబడుతూ వచ్చింది, దాని కింద నుంచి మాట తేలింది. ఆగి ఆగి, తడిమి తడిమి వచ్చే మాటే. అలసిపోయినా, కంగారుపడినా మళ్ళీ "కాదు" దగ్గరికే వచ్చి ఆగేది. అప్పుడు చేత్తో దరువు వేసుకుని పాటలోకి ఎక్కేది, ఎక్కి కావలసిన చోట దిగేది.

డాక్టరమ్మ ఒకరోజు అడిగింది. "మీలాంటివాళ్ళు నా దగ్గర ఇంకా ఉన్నారు. నేను గదిలో కూర్చోబెట్టి నేర్పితే వాళ్ళకు సిగ్గు. మీరు పాడిస్తారా?"

ఆమె ఆలోచించుకోవడానికి గడువు అడగలేదు. "గురువారం... రమ్మనండి" అంది.

గురువారం మధ్యాహ్నాలు ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే గది ఖాళీగా ఉంటుంది. మొదట్లో వచ్చినవాళ్ళు గోడ వారగా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. లెక్కలు చెప్పిన టీచరమ్మ ఉంది, మంగలి ఉన్నాడు, ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. బేకరీ వదిన బన్నులు తెచ్చింది. గంభీరంగారు కూడా వచ్చాడు. "గొంతు లేనివాళ్ళ వెనక ఒక గొంతు దన్నుగా ఉండాలి కదా" అన్నాడు. ఆయన గొంతు నిజంగానే గోడలా నిలబడింది. దానికి ఆనుకుని మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. టీచరమ్మకు ఎక్కం పాడితే అంకెలు వచ్చాయి. మంగలికి చిన్నప్పటి జోలపాట వచ్చింది, పాడుతూ తనే ఏడ్చాడు. లారీ డ్రైవరు మాత్రం నోరు విప్పలేదు. భుజాలు వెడల్పాటి మనిషి, ఎప్పుడూ కిటికీలోంచి రోడ్డు మీది బళ్ళనే చూస్తుండేవాడు. భార్య పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని మోకాలి మీద దరువు వేయించేది. వేసేవాడు. అంతే. "ఈయనకు మునుపు పాటలంటే పడదమ్మా. తిట్లంటేనే ఇష్టం" అని ఆ భార్య ఒకసారి చెప్పి నవ్వబోయి నవ్వలేకపోయింది.

మరుసటి ఏడాది పేటల గుంపులన్నీ పాత మార్కెట్టు భవనంలో చేరాయి. ఎత్తయిన రేకుల కప్పు, కింద కిక్కిరిసిన జనం. గుంపులు ఒకదాని తరువాత ఒకటి వచ్చి పాడాయి. చిట్టచివర గురువారం గుంపు. దాన్ని పరిచయం చేయవలసింది ఆమే. అలా ఉండాలని ఆమే పట్టుబట్టింది. ఎన్నో రోజులు సాధన చేసింది.

మైకు ముందుకు వెళ్ళి నిలబడింది. గాజు గది వదిలాక మైకు మొహం చూడడం అదే మొదలు. జనంలో బస్టాండు డ్రైవర్లు ఉన్నారు, కండక్టర్లు ఉన్నారు, ఆమెను గుర్తుపట్టి "అక్కా! మన మైకు అక్క!" అని ఈలలు వేశారు. ఆ ఈలలకు సాధన చేసిన మాటలన్నీ ఒక్కసారిగా చెల్లాచెదురయ్యాయి. నోరు తెరిచింది.

"కాదు" అంది మైకు, ఆ రేకుల కప్పు మారుమోగేలా.

ఈలలు ఆగిపోయాయి. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. భర్త ముందు వరసలో లేవబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆ చెయ్యే దించి, మైకు స్టాండు మీద వేళ్ళతో తట్టింది. ఒకసారి, ఇంకోసారి. కళ్ళు మూసుకోలేదు. బాణీ అందుకుంది.

"మాటలు... పడిపోయి... లేచినవాళ్ళం మేము!
వినడానికి కాదు... మాతో పాడ రండి!"

వెనకనుంచి గంభీరంగారి గొంతు పెద్ద తలుపు తెరుచుకున్నట్టు లేచింది. టీచరమ్మ, మంగలి అందుకున్నారు. డ్రైవర్లు అందుకున్నారు. తరువాత ఎవరు ఎప్పుడు కలిశారో చెప్పడం ఎవరితరమూ కాలేదు. వేదికకూ జనానికీ మధ్య గీత చెరిగిపోయింది. ఆమె ఒక పాదం అంటే మార్కెట్టు మార్కెట్టంతా దాన్ని తిప్పి అనేది. గట్టిగా అంటే గట్టిగా, మెల్లగా అంటే మెల్లగా. ఆమె చెయ్యి ఎత్తితే లేచారు, దించితే దిగారు. అన్నేళ్ళు బస్టాండులో జనంతో మాట్లాడింది గాని, జనం ఆమెకు ఇలా తిరిగి పలికింది ఎన్నడూ లేదు. పాట ఆగాక కూడా ఎవరూ కూర్చోలేదు. డాక్టరమ్మ చెప్పుల్లేకుండా కుర్చీ ఎక్కి ఎగురుతోంది.

తిరుగు ప్రయాణానికి బస్సువాళ్ళు ఒక బస్సు ఇచ్చారు. సాయంత్రపు ఎండ కిటికీల్లోంచి అడ్డంగా పడుతోంది. అందరూ అలసిపోయి, గొంతులు బొంగురుపోయి, ఒకరి భుజాల మీద ఒకరు వాలి ఉన్నారు. ఆమె భర్త పక్కన కూర్చుంది. "ఇవాళ నువ్వు పాడుతుంటే..." అని మొదలుపెట్టి, ఆయన మాట వెతుక్కుంటూ ఆగిపోయాడు. "తొందర... లేదు. నెమ్మదిగా... చెప్పండి" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు.

బస్సు వంతెన ఎక్కడం మొదలుపెట్టింది. కుర్ర డ్రైవరు గేరు మార్చకుండా తొక్కుతున్నాడు. ఇంజను గుక్క పట్టి ఏడుస్తోంది. ముందు సీట్లో లారీ డ్రైవరు కదిలాడు. మెడ నరాలు ఉబ్బాయి. మోకాలి మీద చెయ్యి టపటపా కొట్టుకుంది. ఆ తరువాత, ఎవరూ నేర్పని రెండంటే రెండు స్వరాల్లో, తుప్పు పట్టిన గొంతు బస్సంతా వినపడింది.

"గేరు... గేరు మార్చరా... గేరు మార్చరా గాడిదా!"

డ్రైవరు గతుక్కుమని గేరు మార్చి, అద్దంలోంచి చూశాడు. "ఎవరది? ఎవరు తిట్టింది?"

లారీ డ్రైవరు భార్య సీట్లోంచి లేచి నిలబడిపోయింది. "మా ఆయన!" అంది. "మా ఆయనే తిట్టాడు బాబూ! అందరూ విన్నారా? విన్నారు కదా? ఏమండీ, ఇంకోసారి! ఇంకోసారి తిట్టండి!"

ఆయనకు మళ్ళీ రాలేదు. పెదాలు కదిలాయి గాని గొంతు పెగల్లేదు. భార్య మొహంలో వెలుగు తగ్గబోయింది. వెనక సీట్లోంచి మైకు అక్క లేచి, ఊగే బస్సులో కమ్మీ పట్టుకుని డ్రైవరు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ... తప్పు గేరు... వెయ్యి" అంది.

డ్రైవరు ఒకసారి ఆమెను చూశాడు, ఒకసారి అద్దంలో ఆ పెద్దమనిషిని చూశాడు. విషయం అర్థమైంది. "సరే అక్కా, తిట్టించుకోవడానికి నేను రెడీ" అని, వంతెన దిగి రెండో మిట్ట రాగానే గేరు కర్రను కరకరమనేలా లాగాడు.

"గేరు మార్చరా గాడిదా!" అంది బస్సు ముందు సీటు. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా శ్రుతిలో.

బస్సంతా వంత పాడింది.